కామాటిపుర పేరు కూల్చకండి

సంపాదకులు గారికి నమస్కారం.

ముంబయి కామాటిపురను పడగొట్టి కొత్తగా కట్టబోతున్న సంగతి మీద మీ ఆదివారం అనుబంధంలో వచ్చిన కథనాన్ని కోరుట్ల నుంచి మా అక్క కూతురు నా ఫోన్‌కి పంపింది. "చిన్నమ్మా, మీ ఇల్లు పోతుందంట గదా!" అని కింద ఒక ముక్క. చదివాను. సుమారు 34 ఎకరాలు, మరమ్మతుల పన్ను (సెస్) కట్టే పాత భవనాలు తొమ్మిది వందలకు పైగా, మహాడా అనే ప్రభుత్వ గృహనిర్మాణ సంస్థ ఆధ్వర్యం, ఆకాశాన్నంటే టవర్లు, అన్నీ రాశారు. "అపఖ్యాతి పాలైన రెడ్‌లైట్ ఏరియా" అని హెడ్డింగు దగ్గర్నుంచి చివరి పేరా దాకా రాస్తూనే పోయారు. ఆ పేటకు ఆ పేరు ఎవరి వల్ల వచ్చిందో మాత్రం రాయలేదు. ఇంగ్లిష్ పేపర్లు రాయకపోతే వాళ్ళకేం తెలుసులే అనుకుంటాను. తెలుగు పేపరు, అందులోనూ నిజామాబాద్, జగిత్యాల పల్లెల్లో ఇంటింటికీ వెళ్ళే పేపరు రాయకపోతే ఎట్లా?

అందుకే ఈ ఉత్తరం. కొంచెం పొడుగవుతుంది. కత్తెర వేస్తే వెయ్యండి గానీ రోడ్ల పేర్లు చెప్పిన చోట మాత్రం వెయ్యకండి.

నేను కామాటిపురలోనే పుట్టాను. మునిసిపల్ తెలుగు మీడియం బడిలో పాఠాలు చెప్పి రిటైరయ్యాను. మా తాత నిజాం కాలంలో కోరుట్ల దగ్గరి పల్లె నుంచి ఇక్కడికి వచ్చాడు. మా నాన్న తాపీ మేస్త్రీ. "బొంబాయి, బొగ్గుబాయి, దుబాయి" అని మన వైపు ఒక మాట ఉంది కదా, బతుకుదెరువుకు మనవాళ్ళకు దిక్కయిన మూడు చోట్లు. దుబాయికి పోయినవాళ్ళ మీద పాటలున్నాయి, వార్తలున్నాయి, ఎన్నికలు వస్తే హామీలున్నాయి. బొగ్గుబాయి సంగతి చెప్పనే అక్కర్లేదు. బొంబాయికి పోయినవాళ్ళే ఎవరికీ గుర్తు లేరు. దారి మరీ పాతబడిపోయింది కాబట్టి కాబోలు.

ఎంత పాతదంటే, అప్పటికి బొంబాయి ఒక్క ఊరుగా కూడా అతుక్కోలేదు. ఏడు దీవులు, మధ్యలో ఉప్పునీళ్ళు. మహాలక్ష్మి, వర్లీల మధ్య గండిలోంచి సముద్రం లోపలికి వచ్చి పల్లపు నేలనంతా ముంచేది. పద్దెనిమిదో శతాబ్దం చివర్లో హార్న్‌బీ వెల్లార్డ్ అనే కట్ట వేసి ఆ గండి పూడ్చాక నేల బయటపడింది. 1795 ప్రాంతం నుంచి నిజాం ఇలాకా తెలుగు కూలీలు ఆ పల్లంలో గుడిసెలు వేసుకోవడం మొదలుపెట్టారు. తట్ట మోసేవాళ్ళు, మట్టి పనివాళ్ళు, రాళ్ళు కొట్టేవాళ్ళు. వాళ్ళను ఊళ్ళో కామాటీలు అనేవారు. అంతకుముందు లాల్ బజార్ అని పిలిచిన చోటు వాళ్ళ వల్ల కామాటిపుర అయింది. హైదరాబాద్ పాతబస్తీలోనూ ఒక కామాటిపుర ఉంది, ఆ పేరుతో పోలీస్ స్టేషన్ కూడా ఉంది. అక్కడివాళ్ళు అడ్రసు చెప్పడానికి నీళ్ళు నమలరు.

ఇప్పుడు మా పేట చుట్టూ ఉన్న రోడ్లు చూడండి. గ్రాంట్ రోడ్: రాబర్ట్ గ్రాంట్, బొంబాయి గవర్నరు. ఫాక్‌లాండ్ రోడ్: ఆయనా గవర్నరే. డంకన్ రోడ్: జొనాథన్ డంకన్, 1795 నుంచి 1811 దాకా గవర్నరు. అంటే మావాళ్ళు తట్టలు పట్టుకుని దిగినప్పుడు కుర్చీలో కూర్చున్నాయన. ఇక ఉత్తరాన బెలాసిస్ రోడ్. దీని కథ కొంచెం నిదానంగా చెప్పాలి. ఆ రోడ్డు మీద పెట్టిన శిలాఫలకంలోని మాటలు ముంబయి పాత చరిత్ర పుస్తకాల్లో అచ్చయి ఉన్నాయి. కరువుకు సూరత్ విడిచి వచ్చిన పేదలు 1793లో ఈ రోడ్డు వేశారని, ఖర్చు ప్రజల చందాలతో గడిచిందని, పని నడిపించిన మేజర్ జనరల్ బెలాసిస్ పేరు దీనికి పెట్టామని అందులో ఉంది. దాచింది ఏమీ లేదు. ఆకలితో వచ్చినవాళ్ళు వేశారు, ఊరంతా డబ్బిచ్చింది, పేరు మాత్రం దొరగారిది. రాయి మీదే చెక్కి మరీ చెప్పారు.

స్వాతంత్ర్యం వచ్చాక ఈ పేర్లన్నీ కాగితాల మీద మారిపోయాయి. బెలాసిస్ రోడ్ జహంగీర్ బొమన్ బెహ్రామ్ మార్గ్ అయింది. డంకన్ రోడ్ మౌలానా ఆజాద్ రోడ్, గ్రాంట్ రోడ్ మౌలానా షౌకత్ అలీ రోడ్, ఫాక్‌లాండ్ రోడ్‌కి తమాషా అనే మరాఠీ జానపద నాటక కళాకారుడు పఠ్ఠే బాపూరావు పేరు. అందరూ పెద్దవాళ్ళే, కాదనను. కానీ ఇన్ని పేర్ల మధ్య, పని చేయించినవాళ్ళది కాకుండా పని చేసినవాళ్ళ పేరు మోస్తున్నది మా చుట్టుపక్కల ఒక్క కామాటిపురే. ఏ గెజిట్టూ పెట్టని పేరు ఇది. ఏ మంత్రీ రిబ్బను కత్తిరించలేదు. జనం నోట్లో పడి రెండు వందల ఏళ్ళు నిలిచింది.

ఈ కూలీల్లోంచే కాంట్రాక్టర్లు కూడా పుట్టారు. ఠాణే జిల్లా ఆస్పత్రికి పేరున్న విఠల్ సాయన్న మన తెలుగాయనే అని మన యువతలో ఎంతమందికి తెలుసు? మహాత్మా ఫూలే సత్యశోధక్ సమాజాన్ని 1873లో పుణేలో పెట్టాడు. బొంబాయిలో ఆ ఉద్యమానికి భుజం కాసినవాళ్ళలో రామయ్య వెంకయ్య అయ్యవారు, నరసింగరావు సాయిబు వడ్నాల, జయా కరాడీ లింగు, వ్యంకు బాలాజీ కాళేవార్ ఉన్నారు. పేర్లు మరాఠీ పలుకులో కాస్త వంగాయి గానీ ఆ అయ్యవారు ఎక్కడివారో మీకు చెప్పాలా? ఫూలే కూడా కాంట్రాక్టు పనులు చేసినవాడే. ఇటుక, సున్నం, కూలి లెక్కలు తెలిసినవాళ్ళ మధ్య ఆ స్నేహం కుదిరింది. ఫూలే జయంతికి మన దగ్గర ఊరూరా దండలు వేస్తారు, ఫ్లెక్సీలు కడతారు. ఆయన వెనక నిలబడ్డ తెలుగువాళ్ళ పేట ఏదంటే మీ కథనంలో "అపఖ్యాతి".

ఆ మాటకొద్దాం. బ్రిటిష్ కాలంలో, పంతొమ్మిదో శతాబ్దం వెనకభాగంలో, ఈ గల్లీల్లో కొన్నిటిని ఆ వ్యాపారానికి వదిలేశారు. యూరప్ నుంచి తెచ్చిన ఆడవాళ్ళను ఉంచిన వీధికి జనం సఫేద్ (తెల్ల) గల్లీ అని పేరు పెట్టారు. అది మేము పెట్టించింది కాదు, పెంచింది కాదు. అయినా ఆ మచ్చ మొత్తం పేటకు పూశారు. మా బడిలో పదో తరగతి పిల్లలు ఇంటర్వ్యూకి వెళ్తే అడ్రసు నాగ్‌పాడా అనేవాళ్ళు. మా అబ్బాయి ఈ రోజుకీ ఏ ఫారంలో అయినా "ముంబయి సెంట్రల్, 400008" అని రాస్తాడు. అబద్ధం అనడానికి లేదు, పిన్ కోడ్ రెండిటికీ ఒకటే! ఓ బ్యాంకులో లోన్‌కి వెళ్తే కౌంటర్లో కుర్రాడు నా జీతం స్లిప్పు చూశాడు, సర్వీసు చూశాడు, నవ్వాడు, అడ్రసు చూసి స్క్రీన్ వైపు తిరిగి, "మేడమ్, ఈ ఏరియా నెగెటివ్ లిస్టులో ఉంది" అన్నాడు. వడ్డీ ఎక్కువా తక్కువా అన్న మాటే రాలేదు. కాగితాలు క్లిప్పు పెట్టి నా వైపు జరిపాడు.

అట్లాగని ఆ ఆడవాళ్ళను ఊడ్చేస్తే మా పేరు శుభ్రమవుతుందని నేను అనను. ఈ మాట మా తెలుగు సంఘాల్లో అందరికీ నచ్చదు, తెలుసు. వాళ్ళు మా పక్క గల్లీవాళ్ళు. వాళ్ళ పిల్లలు మా బడికి వచ్చారు. ఎనభైల చివర్లో ప్రేరణ అనే సంస్థ ఇక్కడ ఆ తల్లుల పిల్లల కోసం రాత్రిపూట చూసుకునే కేంద్రం పెట్టింది. సాయంత్రం పుస్తకాల సంచీ, పడుకునే దుప్పటి కలిపి చంకన పెట్టుకుని పోయే పిల్లల్ని నేను రోజూ చూసేదాన్ని. వాళ్ళలో తెలుగు మాట్లాడే పిల్లలూ ఉన్నారు. వాళ్ళ తల్లులు ఏ రైలెక్కి ఎట్లా వచ్చారో, ఎవరు తెచ్చి వదిలారో రాయాలంటే ఇంకో ఉత్తరం పడుతుంది. కొత్త టవర్ల లెక్కల్లో గది యజమానికి వాటా ఉంటుంది, పాత పగడీ అద్దెదారుకి వాటా ఉంటుంది. మంచం లెక్కన అద్దె కట్టే ఆడమనిషికి ఏ కాగితం ఉంటుంది?

ఇదే గొడవ మన కూలీలకూ ఉంది. ముంబయి పగడీ పద్ధతి ఊళ్ళో ఉన్నవాళ్ళకు అర్థం కావడం కష్టం. ఇల్లు నీది కాదు, అద్దె నామమాత్రం, కానీ హక్కు మాత్రం తాతల నాటిది, కొనొచ్చు, అమ్మొచ్చు. అట్లా వచ్చిన మా గది పది అడుగులకు పన్నెండు. అటక మీద ఇద్దరు, కింద నలుగురు పడుకునేవాళ్ళం. మా కారిడార్ చివరి గది మాత్రం ఎవరి కుటుంబానిదీ కాదు. ఒకే ఊరివాళ్ళు కలిసి పెట్టుకున్నది. ఎప్పుడో ఒకాయన పేరు మీద రసీదు ఉంది, ఆయన పోయి ఎన్నేళ్ళయిందో. గోడకు వరసగా మేకులు, మేకుకొక సంచి, ఒక్కో సంచి ఒక్కో మనిషి ఇల్లు. పగలు డ్యూటీవాళ్ళు లేస్తే రాత్రి డ్యూటీవాళ్ళు పడుకుంటారు. ఊళ్ళో అప్పు తీరేదాకా, బిడ్డ పెండ్లి అయ్యేదాకా ఉంటారు, పోతారు, వాళ్ళ తమ్ముడు వస్తాడు. సర్వేలో అలాంటి గదికి ఒక్కటే పేరు పడుతుంది, చచ్చిపోయినాయన పేరు. ఆయన మనవడు ఎక్కడున్నాడో కనుక్కుని సంతకం పెట్టించుకున్నవాడిదే ఫ్లాట్. మేకులకు సంచులు తగిలించుకున్నవాళ్ళు నాకాలో, అంటే కూలీల అడ్డా మీద, నిలబడి ఇంకో గది వెతుక్కోవాలి. పేటకు గుర్తింపు అని నేను అడిగేది ఒట్టి బోర్డు కోసం కాదని చెప్పడానికి ఇంత రాశాను.

అయితే బోర్డు కూడా కావాలి. మొన్న మా బిల్డింగు అద్దెదారుల మీటింగు డాబా మీద పెట్టుకున్నాం. కార్పెట్ ఏరియా, కార్పస్ ఫండ్, ట్రాన్సిట్ అద్దె, వీటి మీద కేకలయ్యాక ఒక కుర్రాడు లేచాడు. నా దగ్గర చదివినవాడే, ఇప్పుడు అంధేరీలో ఏదో కంపెనీలో మంచి ఉద్యోగం.

"టీచరమ్మా, మీరు కోప్పడకండి. కొత్త టవర్‌కి పాత పేరు తగిలిస్తే ఫ్లాట్ రేటు సగం పడిపోతుంది. నా చెల్లెలికి రెండు సంబంధాలు అడ్రసు విని వెనక్కి పోయినయ్. ఈ పేరు మా తరంతో వదిలిపోనీ" అన్నాడు.

చాలామంది తలూపారు. తప్పు పట్టలేకపోయాను, ఆ పిల్ల బాధ నాకు తెలుసు. ఇంకొకాయన, రాజకీయాల్లో తిరిగే మనిషి, "అయితే లిటిల్ తెలంగాణ అని పెడదాం, ఫారిన్‌లో పెట్టినట్టు" అన్నాడు. ఈయన మీద మాత్రం కోపం వచ్చింది. రెండు వందల ఏళ్ళ పేరు చేతిలో ఉండగా అరువు పేరు దేనికి? పైగా మరాఠీ గడ్డ మీద కొత్తగా ఇంకో రాష్ట్రం పేరు బోర్డు ఎక్కిస్తే రేపు ఎవడో వచ్చి దానికి మసి పూస్తాడు. కామాటిపుర అన్న పేరు మీద ఇక్కడ మరాఠీవాడికీ పేచీ లేదు, గుజరాతీకీ లేదు, ముస్లింలకీ లేదు. అందరి నాలుకకూ అలవాటైన పేరు.

ఫారిన్ అన్నారు కాబట్టి ఒకటి. అమెరికాలో హూస్టన్ నగరంలో హిల్‌క్రాఫ్ట్ అనే రోడ్డు చుట్టూ మన ఇండియావాళ్ళ దుకాణాలు, చీరల షాపులు, మిఠాయి కొట్లు ఉన్నాయి. ఆ రోడ్డుకే గాంధీ పేరు పెట్టాలని మనవాళ్ళు అడిగారు. అడ్రసులన్నీ మార్చుకోవాలి, ఖర్చు అని అక్కడి మిగతా వ్యాపారులు ఒప్పుకోలేదు. చివరికి రోడ్డు పేరు అట్లాగే ఉంచి, 2010లో ఆ ప్రాంతానికి మహాత్మా గాంధీ డిస్ట్రిక్ట్ అని నగరపాలన గుర్తింపు ఇచ్చి వీధి బోర్డుల మీద పెట్టింది. అంటే ఒక తరం క్రితం వెళ్ళినవాళ్ళు పేరు కోసం ఏళ్ళ తరబడి తిరిగారు. మాకు పేరు ఉంది. దాన్ని వదిలించుకోవాలని మేమే డాబా ఎక్కి మీటింగు పెట్టుకున్నాం!

పేరు ఎట్లా మాయమవుతుందో ముంబయిలో కళ్ళ ముందే చూశాం. ఎవరూ రద్దు చెయ్యరు. లోయర్ పరేల్‌లో మిల్లులు పోయి మాల్స్ వచ్చాక బిల్డర్లు తమ బ్రోషర్లలో "అప్పర్ వర్లీ" అని రాయడం మొదలెట్టారు. మిల్లుల్లో మన పద్మశాలీలు మగ్గాల దగ్గర నిలబడి చెవులు పోగొట్టుకున్న చోటు అది. 1982 సమ్మెతో వాళ్ళ ఉద్యోగాలు పోయాయి, తర్వాత ఊరి పేరు కూడా పోతోంది. రేపు మా దగ్గర "హైట్స్" అనో "రెసిడెన్సీ" అనో బోర్డు లేస్తుంది, కింద చిన్న అక్షరాలతో "సౌత్ ముంబయి" అని ఉంటుంది. సొసైటీ రిజిస్ట్రేషన్ ఆ పేరుతో అవుతుంది, కరెంటు బిల్లు ఆ పేరుతో వస్తుంది, ఇరవై ఏళ్ళకు కామాటిపుర అంటే పాత సినిమాల్లో ఒక పేరు.

ఇట్లా కాకుండా చేసినవాళ్ళూ మాకు కూతవేటు దూరంలోనే ఉన్నారు. భెండీ బజార్‌లో బోహ్రా ముస్లింల సైఫీ బుర్హానీ ట్రస్టు పదహారున్నర ఎకరాల్లో పాత భవనాలు తీసేసి టవర్లు కడుతోంది. ఆ పనికి వంద వంకలు పెట్టొచ్చు. కానీ భెండీ బజార్ అన్న పేరును, అక్కడి దుకాణాలను, మనుషులను లెక్కలో పెట్టుకునే ప్లాను గీశారు. వాళ్ళ వెనక ఒక ట్రస్టు ఉంది, ఒక గురువు మాట ఉంది. మా వెనక ఎవరున్నారు? కులానికొక సంఘం, సంఘానికొక కేలండరు.

ప్రభుత్వానికి పాత పేర్ల మీద ప్రేమ లేదని కూడా అనలేం. 2018లో ఎల్ఫిన్‌స్టన్ రోడ్ స్టేషన్‌ను ప్రభాదేవి చేశారు. 2024లో కర్రీ రోడ్‌ను లాల్‌బాగ్ అనీ, శాండ్‌హర్స్ట్ రోడ్‌ను డోంగ్రీ అనీ మార్చాలని మహారాష్ట్ర శాసనమండలి తీర్మానం చేసింది. దొరల పేర్లు తీసి అక్కడి జనం పిలుచుకునే పేర్లు పెట్టాలన్నది వాళ్ళ వాదన. సరిగ్గా అదే నా వాదన కూడా. కొత్త మెట్రో లైను 2025లో కఫ్ పరేడ్ దాకా పూర్తయింది, మాకు ఇటు గ్రాంట్ రోడ్ స్టేషను, అటు ముంబయి సెంట్రల్ దగ్గర జగన్నాథ్ శంకర్‌సేఠ్ స్టేషను. గవర్నరు గారి పేరు అక్కడ ఇంకా భద్రంగానే ఉంది.

కాబట్టి అడిగేది ఇది. పునర్నిర్మాణం ఒప్పందాల్లో, ప్లానుల్లో, తర్వాత పుట్టే సొసైటీల రిజిస్ట్రేషన్‌లో ఈ 34 ఎకరాల పేరు కామాటిపుర అనే ఉండాలని మహారాష్ట్ర ప్రభుత్వం ఉత్తర్వు ఇవ్వాలి. బిల్డరు తన టవర్‌కి ఏ పేరైనా పెట్టుకోనీ, పేటకు కాదు. బెలాసిస్ రోడ్డుకు రాయి పెట్టినట్టే ఇక్కడా ఒక రాయి పెట్టాలి, మరాఠీ, తెలుగు, ఇంగ్లిష్‌లలో, ఈ నేలను పూడ్చినవాళ్ళు ఎక్కడి నుంచి వచ్చారో చెబుతూ. ఈసారి పేరూ పనీ ఒకరివే కాబట్టి రాయడం తేలిక.

ఇంకోటి, ఒక ఖాళీ జాగా. నేల మీద, ఏడో అంతస్తు పోడియం మీద కాదు. ఇప్పుడు బతుకమ్మకు రెండు గల్లీలు కలిసే మూలలో ఆడతాం. బంతి, చేమంతి దాదర్ పూల మార్కెట్లో దొరుకుతాయి. తంగేడు, గునుగు దొరకవు. నిజామాబాద్, కోరుట్ల వైపు నుంచి ట్రావెల్స్ బస్సు డ్రైవర్ల చేతికిచ్చి గోనె సంచుల్లో పంపిస్తారు, లేదంటే దేవగిరి ఎక్స్‌ప్రెస్‌లో ఎవరో ఒకరు సీటు కింద పెట్టుకుని తెస్తారు. సగం వాడిపోయి ఉంటాయి. తడిగుడ్డ చుట్టి, నీళ్ళు చల్లి, పైన పసుపు రంగు నిలిచిన రెమ్మలు ఏరి పేరుస్తాం. ఆ మూలలో అప్పుడు తెలుగు రాని ఆడవాళ్ళు కూడా వచ్చి చప్పట్లు కలుపుతారు, పక్క గల్లీవాళ్ళతో సహా. సెక్యూరిటీ గార్డు పర్మిషన్ అడిగే పోడియం మీద ఇది జరగదు. బుకింగ్ ఫీజు కట్టి, రాత్రి పదికల్లా ఖాళీ చేసి, పూలు రాలితే జరిమానా కట్టే బతుకమ్మ నాకొద్దు.

బడి గురించి కూడా చెప్పాలి. ముంబయి కార్పొరేషన్ ఎనిమిది మాధ్యమాల్లో బడులు నడుపుతుంది, అందులో తెలుగు ఒకటి. మన రాష్ట్రం కాని చోట ప్రభుత్వ ఖర్చుతో తెలుగు బడి! మనం దీనికి ఎప్పుడైనా థాంక్స్ చెప్పామా? పిల్లలు తగ్గుతున్నారు, అది నిజం. మేమే ఇంగ్లిష్ మీడియానికి పంపుకున్నాం, నేనూ పంపుకున్నాను, దాన్ని ఎవరి మీదా తోయను. కానీ కొత్త ప్లానులో తెలుగు తరగతులకూ ఒక లైబ్రరీకీ రెండు గదులు రాసిపెడితే, ఎప్పుడైనా ఎవరైనా తలుపు తీస్తారు. గదే లేకపోతే తీయడానికి ఏముంది?

తెలంగాణ ప్రభుత్వానికి ఒక మాట. గల్ఫ్‌లో చిక్కుకున్నవాళ్ళ కోసం, అమెరికాలో ఉన్నవాళ్ళ కోసం మీ దగ్గర అధికారులున్నారు. ముంబయి విదేశం కాదు కాబట్టి మేము ఆ విభాగంలోకి రాము, తెలంగాణలో లేము కాబట్టి ఓటర్లమూ కాము. ఒక్క ఉత్తరం రాయండి మహారాష్ట్ర ముఖ్యమంత్రికి, ఆ ఊరి పేరు ఉంచండి, కాగితాలు లేని కూలీల పేర్లు సర్వేలో ఎక్కించండి అని. స్టాంపు ఖర్చు కూడా లేదు ఈ రోజుల్లో.

ఇక మీకు, సంపాదకులు గారూ. జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్, పాలమూరు ఎడిషన్లలో ఒక చిన్న ప్రకటన వేస్తారా? ఇళ్ళల్లో అటకల మీద, ట్రంకు పెట్టెల్లో బొంబాయి కాగితాలు ఉంటాయి. మిల్లు పాసులు, రేషన్ కార్డులు, పగడీ రసీదులు, తాతలు రాసిన కార్డు ముక్కలు, స్టూడియోలో కోటు అద్దెకు తీసుకుని దిగిన ఫొటోలు. వాటిలో కామాటిపుర, ఫలానా గల్లీ అని అడ్రసు ఉన్నది ఏదైనా దొరికితే ఫొటో తీసి మీ ఆఫీసుకు పంపమనండి. అసలు కాగితం వాళ్ళ దగ్గరే ఉంచుకోమనండి. ఆ చివరి గది రసీదు మీద పేరున్నాయన మనవళ్ళు మెట్‌పల్లి వైపు ఉన్నారని విన్నాం. వాళ్ళు ఈ పేపరు చూస్తే, ఎవరి కాగితం మీదా సంతకం పెట్టకముందు ఒకసారి ముంబయి వచ్చి ఆ గదిలో ఇప్పుడు ఉన్నవాళ్ళతో మాట్లాడమనండి. భోజనం మా ఇంట్లో.

ఇట్లు,
ఒక రిటైర్డ్ తెలుగు టీచరు,
కామాటిపుర, ముంబయి - 400008